కనిపించని తరుగు: హిగ్స్ అదృశ్య క్షయానికి హద్దు కట్టే పనిలో నా అనుభవం

వేరుశనగ కొనేవాళ్లు గుప్పెడు కాయ ఒలిచి, ఇంత కాయకు ఇంత గింజ అని చూస్తారు. మిగిలింది పొట్టు, మట్టి, తాలు. ఆ మిగిలినదాన్ని ఎవరూ విడిగా తూచరు, మొత్తంలోంచి గింజ బరువు తీసేస్తే అదే తేలుతుంది. అనంతపురంలో పుట్టినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. కణాలను పసిగట్టే డిటెక్టర్‌కు చిక్కకుండా పోయే కణ క్షయాలను, అంటే ఒక కణం వేరే కణాలుగా మారిపోవడాన్ని, మొదట ఇలాగే పట్టారు. హిగ్స్ అనే మూలకణం ఇలా కనబడకుండా ఎంత తరచుగా పోతుందో హద్దు కట్టాలంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, వేరే దారి తొక్కాలి. జెనీవా దగ్గరి కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ అందరికీ తెరిచిపెట్టిన డేటాతో ఒక లాప్‌టాప్ మీద ఆ దారిలో వెళ్తే ఎక్కడెక్కడ కాలు జారుతుందో రాస్తున్నాను.

హిగ్స్ జోలికి పోకముందు కాగితం మీద చేయాల్సిన లెక్క ఒకటుంది. మాతో కూర్చునే ఎమ్మెస్సీ పిల్లలందరి చేతా ముందు ఇదే చేయిస్తాం. జెనీవా దగ్గర ఎల్‌ఈపీ అనే ఎలక్ట్రాన్-పాజిట్రాన్ యంత్రంలో నాలుగు ప్రయోగాలు కలిసి దాదాపు 1.7 కోట్ల జెడ్ బోసాన్లను చూశాయి. ఆ కొలతల్లో మనకు కావలసినవి మూడే. జెడ్ ద్రవ్యరాశి 91.1875 జీఈవీ (కణాల ద్రవ్యరాశికీ శక్తికీ వాడే యూనిట్). జెడ్ శిఖరం దగ్గర క్వార్కులుగా మారే క్రాస్ సెక్షన్ (అలా జరిగే అవకాశానికి కొలత) 41.540 నానోబార్న్. క్వార్కుల వాటాకూ ఒక్క ఛార్జ్ లెప్టాన్ (ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌలలో ఒకటి) వాటాకూ నిష్పత్తి 20.767.

జెడ్ మొత్తం క్షయం ఒక్క ఛార్జ్ లెప్టాన్ వాటాకు ఎన్ని రెట్లో ఈ మూడింటి నుంచే తేలుతుంది. పన్నెండు పైలు (12π), అంటే 37.699ని 20.767తో గుణిస్తే 782.9. జీఈవీ లెక్కను నానోబార్న్‌లోకి మార్చే గుణకం 3,89,379, దాంతోనూ గుణించాలి. దీన్ని మరిచిపోయి సమాధానం ఎందుకు రాలేదని గంటసేపు తల పట్టుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. భాగించాల్సింది ద్రవ్యరాశి వర్గం 8315.16ని 41.540తో గుణిస్తే వచ్చే 3,45,412తో. భాగహారం 882.55, వర్గమూలం 29.708. అందులోంచి క్వార్కుల వాటా 20.767 తీసేస్తే 8.941. ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌ మూడింటికీ కలిపి 2.998 తీసేయాలి. టౌ బరువైనది కాబట్టి నిండు 3 రాదు. మిగిలింది 5.943. ఒక ఛార్జ్ లెప్టాన్ జత ఎంత తరచుగా పుడుతుందో, దానికి 5.943 రెట్లు జెడ్ కంటికి కనబడకుండా పోతోందన్నమాట. అలా చిక్కకుండా పోయే కణాలు న్యూట్రినోలు, వాటిలో ఒక్కో రకానికి సిద్ధాంతం ఇచ్చే వాటా 1.99125. భాగిస్తే 2.98 పైచిలుకు. ఎల్‌ఈపీ ప్రయోగాలు 2005లో ప్రచురించిన అంకె 2.9840, అటూఇటూ 0.0082. న్యూట్రినోలు మూడు రకాలే అన్న మాటకు ఆధారం ఇది.

అయితే 3కూ 2.984కూ మధ్య తేడా ప్రకటించిన దోషానికి దాదాపు రెండింతలు. పద్నాలుగేళ్లు ఆ లోటు అలాగే ఉండిపోయింది. 2019లో తేలిన కారణం తక్కెడలోనే ఉంది. ఎన్ని ఢీలు జరిగాయో చెప్పే లూమినాసిటీని, చిన్న కోణంలో చెదిరిన ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి కొలిచేవారు. ఎదురుగా వచ్చే కణాల గుంపు తన విద్యుదయస్కాంత క్షేత్రంతో ఆ ఎలక్ట్రాన్లను కాస్త లోపలికి లాగేస్తోంది. దాంతో లూమినాసిటీ 0.1 శాతం మేర తక్కువగా లెక్కకొచ్చింది. పై లెక్కలో 41.540 బదులు 41.48 వేసి చూడండి, న్యూట్రినోల సంఖ్య 0.01 పైకి లేస్తుంది. దీన్ని సరిదిద్ది, ఎలక్ట్రాన్లు అలా చెదిరే క్రాస్ సెక్షన్ సిద్ధాంత లెక్కనూ మెరుగుపరిచాక వచ్చినది 2.9963, దోషం 0.0074. లూమినాసిటీలో 0.1 శాతం తప్పితే 0.0075 న్యూట్రినో తప్పుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. తీసివేతలో మిగిలే దాన్ని నమ్మాలంటే ముందు తూకాన్ని నమ్మగలగాలి.

హిగ్స్‌కు ఈ తీసివేత ఎందుకు కుదరదంటే, దాని మొత్తం వెడల్పు (అన్ని క్షయాలూ కలిపిన వేగానికి కొలత) సిద్ధాంతం ప్రకారం సుమారు 4.1 ఎంఈవీ, అంటే జీఈవీలో వెయ్యో వంతులు నాలుగు. డిటెక్టర్ స్పష్టతేమో ఒకటి రెండు జీఈవీలు. బస్తాను లారీలు తూచే వేబ్రిడ్జి మీద పెట్టి చిటికెడు మట్టి తూకం అడిగినట్టు ఉంటుంది. పైగా ప్రోటాన్ల ఢీలో ఎన్ని హిగ్స్‌లు పుట్టాయో నేరుగా లెక్కపెట్టలేం. అందుకని హిగ్స్ మాయమైనప్పుడు దాని పక్కన మిగిలే జాడ కోసం వెతకాలి. రెండు క్వార్కులు చెరో వీక్ బోసాన్‌ను (జెడ్ లేదా డబ్ల్యూ కణం) విసిరి, అవి కలిసి హిగ్స్ అయితే, ఆ క్వార్కులు రెండు జెట్లుగా (కణాల ధారలుగా) ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోతాయి. హిగ్స్ కనబడకుండా పోతే అడ్డదిశలో మొమెంటం లెక్క కుదరదు. ఆ లోటునే అందరూ మెట్ అంటారు. మామూలు సిద్ధాంతంలోనూ హిగ్స్ రెండు జెడ్‌లై, అవి నాలుగు న్యూట్రినోలై మాయమవడం 0.1 శాతం సార్లు జరుగుతుంది. అంతకు మించి కనబడితే, హిగ్స్ ద్రవ్యరాశిలో సగం, అంటే 62.5 జీఈవీ కంటే తేలికైన కృష్ణపదార్థ కణం ఏదో హిగ్స్‌తో చుట్టరికం కలుపుకుందని అనుమానించాలి.

డేటాకు సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగం 2024లో విడుదల చేసిన 2016 నాటి 13 టీఈవీ (13,000 జీఈవీ) ఢీలు తీసుకున్నాం. జీ, హెచ్ అనే రెండు కాలాలవి, మొత్తం 16.4 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్ (లూమినాసిటీ యూనిట్). నానో ఏఓడీ అనే కుదించిన పట్టికల రూపంలో ఉన్నవి తీసుకుంటే సీఎంఎస్ సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. పైథాన్‌లో అప్‌రూట్, ఆక్‌వర్డ్ లైబ్రరీలు చాలు. ఒక్కో ఈవెంట్‌కు, అంటే రికార్డైన ఒక్కో ఢీకి, వెయ్యికి పైగా కాలమ్‌లు ఉంటాయి. మనకు కావలసింది నలభై మాత్రమే, వాటినే చదవాలి. ఫైల్ మొత్తం మెమరీలోకి లాగితే 16 జీబీ లాప్‌టాప్ అక్కడే కూలబడుతుంది. రెండు లక్షల ఈవెంట్ల చొప్పున ముక్కలుగా చదివి, మెట్ 200 జీఈవీ దాటినవి ఉంచుకుని, ఒక్కో ఫైల్ అవగానే ఫలితాన్ని పార్కెట్ ఫైల్‌గా డిస్క్ మీద రాసేయడం మంచిది. అన్ని ఫైళ్లూ అయ్యాక చివర్లో ఒకేసారి రాద్దామనుకుంటే మే నెల మధ్యాహ్నం కరెంటు ఒక్కసారి పోతే చాలు, రాత్రి చేసిందంతా మళ్లీ మొదటికొస్తుంది. ఏ ఢీని రాసుకోవాలో అక్కడికక్కడే తేల్చే వ్యవస్థ ట్రిగ్గర్, దాని కాలమ్‌లు అన్ని ఫైళ్లలోనూ ఒకేలా ఉండవు. పేరు దొరక్కపోతే ప్రోగ్రామ్ ఆగిపోకుండా, ఆ ట్రిగ్గర్ మోగలేదని రాసుకునేలా ముందే జాగ్రత్తపడాలి.

మొదటి వడపోత సర్టిఫికేషన్ జాబితాతో. ఏ రన్‌లో, సుమారు 23 సెకన్ల ఏ తునకలో డిటెక్టర్ అంతా సవ్యంగా ఉందో ఆ జేసన్ ఫైల్ చెబుతుంది. ఇది డేటాకే, కంప్యూటర్‌లో పుట్టించిన ఢీలకు, అంటే సిమ్యులేషన్‌కు కాదు. రెండోది మెట్ ఫిల్టర్లు: హెడ్రాన్ క్యాలరీమీటర్ శబ్దం, ఈసీఏఎల్ (ఎలక్ట్రాన్, ఫోటాన్ల శక్తి కొలిచే క్యాలరీమీటర్)లో చచ్చిన సెల్‌లు, దొంగ మ్యూయాన్లు, బీమ్ హేలో (బీమ్ వెంట వచ్చే చిల్లర కణాలు). ఇవి సిమ్యులేషన్ మీదా పెట్టాలి. ఫిల్టర్లు పనిచేశాయా అన్నది తెలుసుకోవడానికి నేను నమ్మే చిత్రం ఒక్కటే, మెట్ దిశ తాలూకు హిస్టోగ్రామ్. ఢీలకు ఏ దిశ మీదా మక్కువ ఉండదు కాబట్టి అది చదునుగా ఉండాలి. 0 దగ్గరా 3.14 దగ్గరా రెండు మొనలు లేచాయంటే అది బీమ్ హేలో. యంత్రం ఉన్న సమతలంలోనే బీమ్ వెంట వచ్చే మ్యూయాన్లు క్యాలరీమీటర్‌ను గీసుకుంటూ పోతాయి. అవి సృష్టించే దొంగ జెట్‌లో ఛార్జ్ ఉన్న కణాలు ఉండవు. అందుకే మధ్య భాగంలో పడిన పెద్ద జెట్‌కు ఛార్జ్ హెడ్రాన్ల వాటా 0.1 దాటాలి, న్యూట్రల్ హెడ్రాన్లది 0.8 లోపు ఉండాలి. ఈ రెండు షరతులు పెడితే మొనలు అణగుతాయి.

తర్వాత ఈవెంట్లను ఏరుకోవడం. సీఎంఎస్ వాళ్లు 2016 డేటా మీద వాడిన కోతలే తీసుకున్నాం. సొంత తెలివికి ఇక్కడ పెద్ద చోటు లేదు. మెట్ 250 జీఈవీ పైన, ఎందుకంటే ట్రిగ్గర్ ఆ దగ్గర్లోనే నిండుగా పనిచేయడం మొదలుపెడుతుంది. పెద్ద జెట్ అడ్డదిశ మొమెంటం 80, రెండోదానిది 40 జీఈవీ పైన. రెండూ ఎదురెదురు అర్ధభాగాల్లో ఉండాలి. వాటి ఈటా (బీమ్‌తో చేసే కోణానికి కొలత) తేడా 4 దాటాలి, జత ద్రవ్యరాశి 1300 జీఈవీ దాటాలి, ఫై (బీమ్ చుట్టూ తిరిగే కోణం) తేడా 1.5 లోపు. ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌ, ఫోటాన్, బీ-జెట్ (బాటమ్ క్వార్కు నుంచి వచ్చే జెట్) ఏది కనబడినా ఈవెంట్‌ను వదిలేయాలి. ఇక తప్పు కొలిచిన జెట్ వల్ల పుట్టే దొంగ మెట్ ఆ జెట్ దిశలోనే ఉంటుంది. అందుకని 30 జీఈవీ దాటిన మొదటి నాలుగు జెట్లతోనూ మెట్‌కు 0.5 రేడియన్ ఎడం ఉండాలి. ఫై తేడా తీసేటప్పుడు 3.1 నుంచి మైనస్ 3.1 తీసివేస్తే 6.2 వస్తుంది. అసలు ఎడం 0.08 మాత్రమే. పూర్తి చుట్టు తీసేయడం మరిచిపోతే పక్కపక్కనే ఉన్నవి దూరంగా ఉన్నట్టు కనబడి, ఏరిపారేయాల్సిన చెత్తంతా లోపలికొస్తుంది.

ఇంతవరకూ దాటొచ్చిన ఈవెంట్లలో సగానికి పైగా జెడ్ న్యూట్రినోలుగా మారినవే. హిగ్స్ మాయమైనదానికీ వీటికీ విడిగా చూస్తే ఏ తేడా లేదు. ఈ జెడ్‌లు ఎన్నో సిమ్యులేషన్‌ను అడిగి నమ్మలేం, డేటాలోంచే తీయాలి. జెడ్ మ్యూయాన్ జతగా మారిన ఈవెంట్లు పట్టుకుని, ఆ రెండు మ్యూయాన్లూ లేవని అనుకోవాలి. అవి మోసిన మొమెంటం మెట్‌కు కలిపితే, అదే జెడ్ న్యూట్రినోలుగా మారి ఉంటే ఎంత లోటు కనబడేదో అది వస్తుంది. మెట్ ట్రిగ్గర్‌ను మ్యూయాన్లను పట్టించుకోకుండానే రాశారు కాబట్టి ఈ కంట్రోల్ రీజియన్‌కూ (బ్యాక్‌గ్రౌండ్‌ను, అంటే సిగ్నల్‌లా కనబడే వేరే ఈవెంట్లను, అంచనా కట్టే గుంపు) అదే ట్రిగ్గర్, అదే డేటాసెట్ సరిపోతాయి.

కలపడమంటే వెక్టర్లుగా కలపడం. ఒక ఈవెంట్ చూడండి. మెట్ 40 జీఈవీ, దిశ 3.0. మ్యూయాన్లు 150 జీఈవీ, దిశ 0.5, 120 జీఈవీ, దిశ 0.9. వాటి ఈటా తేడా 0.54 అయితే జత ద్రవ్యరాశి 91 దగ్గర పడుతుంది, చక్కటి జెడ్. మూడు అంకెలనూ ఉత్తగా కూడితే 310, ఈవెంట్ లోపలికొచ్చేస్తుంది. అడ్డం భాగాలు కలిపితే మైనస్ 39.6, 131.6, 74.6, మొత్తం 166.6. నిలువు భాగాలు 5.6, 71.9, 94.0, మొత్తం 171.5. అసలు పరిమాణం 239. గీత 250 దగ్గర ఉంది, ఇది బయటే ఉండాలి. ఇలాంటివి పది జారితే మ్యూయాన్ లెక్క పెరుగుతుంది, దాంతో న్యూట్రినో బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది, సిగ్నల్‌కు చోటు లేనట్టు కనబడుతుంది.

ఒక మ్యూయాన్ జతకు ఎన్ని న్యూట్రినో ఈవెంట్లు? జెడ్ 20 శాతం సార్లు న్యూట్రినోలుగా, 3.37 శాతం సార్లు మ్యూయాన్లుగా మారుతుంది, నిష్పత్తి 5.94. కాగితం మీద చేసిన ఎల్‌ఈపీ లెక్కే ఇక్కడ మళ్లీ ఎదురైంది. ఆచరణలో కొన్ని మ్యూయాన్లు డిటెక్టర్ అంచు దాటిపోతాయి, కొన్ని గుర్తింపు పరీక్షలో తప్పుతాయి. అందువల్ల ఈ గుణకం ఆరు దగ్గర ఆగకుండా ఎనిమిది, తొమ్మిదికి పోతుంది. దాన్ని సిమ్యులేషన్ నుంచే తీయాలి. నిష్పత్తిలో పైనా కిందా ఒకే జెడ్ కాబట్టి జెట్ల కొలతలోని తప్పులు చాలావరకు రద్దైపోతాయి. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది.

సిమ్యులేషన్ బరువుల (ఒక్కో ఈవెంట్‌ను ఎంతగా లెక్కించాలో చెప్పే అంకెల) దగ్గర రెండు గుంతలున్నాయి. ఒకటి, ఢీలను పుట్టించే కొన్ని ప్రోగ్రాములు (జనరేటర్లు) ఈవెంట్లకు రుణాత్మక బరువులూ ఇస్తాయి. క్రాస్ సెక్షన్‌ను లూమినాసిటీతో గుణించి ఈవెంట్ల సంఖ్యతో భాగిస్తే తప్పు. బరువుల మొత్తంతో భాగించాలి. ఆ మొత్తం కోతలు పెట్టిన తర్వాతది కాకుండా రన్స్ అనే పట్టికలో ఉండే అసలుది కావాలి. యూనిట్లూ చూసుకోవాలి: క్రాస్ సెక్షన్ పికోబార్న్‌లో ఉంటే లూమినాసిటీ 16,400 అవుతుంది, 16.4 కాదు. రెండోది ప్రీఫైరింగ్. 2016, 2017 సంవత్సరాల్లో ఈసీఏఎల్ చివరి భాగాల్లో స్ఫటికాల పారదర్శకత తగ్గి సిగ్నల్ వేళ జరిగింది. మొదటి ట్రిగ్గర్ దాన్ని ముందటి ఢీకి చెందినదిగా పొరబడింది. అలా ముందు ఈవెంట్‌ను రాసుకున్నాక, నియమం ప్రకారం మన అసలు ఈవెంట్ తప్పిపోతుంది. ఈటా 2 నుంచి 3 మధ్య జెట్ పడితే ఈ బెడద, మనకు కావలసిన జెట్లు సరిగ్గా అక్కడే పడతాయి. సిమ్యులేషన్‌లో ఈ దోషం ఉండదు, అందుకని నానో ఏఓడీలోనే ఇచ్చిన ప్రీఫైరింగ్ బరువును గుణించాలి. గుణించకపోతే సిగ్నల్ ఉన్నదానికంటే ఎక్కువ కనబడి హద్దు ఊరికే బిగుస్తుంది.

చివరి మెట్టు గణాంకాలది. పైహెచ్‌ఎఫ్ అనే లైబ్రరీ వాడాం, హద్దు కట్టే సీఎల్‌ఎస్ పద్ధతి, 95 శాతం నమ్మకం. లెక్క ఎలా నడుస్తుందో తెలియడానికి గుండ్రటి అంకెలతో ఒక నమూనా చెబుతాను, ఇది ఫలితం కాదు. వీక్ బోసాన్ల కలయికతో హిగ్స్ పుట్టే క్రాస్ సెక్షన్ 13 టీఈవీ దగ్గర 3.78 పికోబార్న్. 16,400తో గుణిస్తే సుమారు 62,000 హిగ్స్‌లు. అన్నీ మాయమవుతాయనుకుని, కోతలు దాటేవి 0.5 శాతం అనుకుంటే 310 ఈవెంట్లు. బ్యాక్‌గ్రౌండ్ 950, అందులో 540 జెడ్‌వి, మిగతావి ఎక్కువగా లెప్టాన్ తప్పిపోయిన డబ్ల్యూలవి.

ఈ దశలో మాతో పనిచేసే కుర్రాడు ఉత్సాహంగా తెచ్చిన హద్దు 0.19, అంటే హిగ్స్‌లలో మాయమయ్యేవి 19 శాతానికి మించవని. "అన్నా, సీఎంఎస్ వాళ్లకు మనకంటే రెండింతల డేటాతో 0.33 వచ్చింది. మనది దాన్ని దాటేసింది చూడు!" అలా దాటేసిందంటే సంబరపడేముందు ఏం మరిచిపోయామో వెతకాలి. 950కి వర్గమూలం 30.8, దాన్ని 1.96తో గుణిస్తే 60, 310తో భాగిస్తే 0.19. బ్యాక్‌గ్రౌండ్ కచ్చితంగా 950 అని దేవుడొచ్చి చెప్పినట్టు వేసిన లెక్క అది. ఆ 540 వచ్చింది 60 మ్యూయాన్ జతలను తొమ్మిదితో గుణించి. అరవైకి వర్గమూలం దాదాపు 8, అంటే 13 శాతం, 540లో 70. దీన్ని 31తో వర్గాలుగా కలిపితే 76, హద్దు 0.48. అరవై ఈవెంట్ల గింజతో బస్తా అంతా అంచనా కడితే అంతకంటే మంచిది రాదు.

దీన్ని కిందికి దించే ఉపాయం డబ్ల్యూలది. ఒంటరి మ్యూయాన్ ఉన్న డబ్ల్యూ ఈవెంట్లు చాలా ఎక్కువ దొరుకుతాయి. జెడ్‌కూ డబ్ల్యూకూ నిష్పత్తిని సిద్ధాంతం కొన్ని శాతాల లోపు చెప్పగలదు. ఫిట్‌లో రెండింటినీ ఆ నిష్పత్తితో ముడివేస్తే బ్యాక్‌గ్రౌండ్ దోషం మొత్తం మీద 5 శాతానికి దిగిందనుకుందాం. 950లో 5 శాతమైన 47.5ను 31తో వర్గాలుగా కలిపితే 57, హద్దు 0.36. కాకపోతే ఆ ముడికి పెట్టే దోషాన్ని ఎంత తగ్గించి రాస్తే హద్దు అంత అందంగా వస్తుంది. కాబట్టి సిగ్నల్ రీజియన్ (హిగ్స్ కోసం వెతికే, కోతలన్నీ దాటిన ఈవెంట్ల గుంపు) డేటా తెరవకముందే ఆ అంకెను రాసిపెట్టుకోవాలి, తెరిచాక ముట్టకూడదు. ఇక్కడ లూమినాసిటీ దోషం 1.2 శాతం. ఎల్‌ఈపీలో 0.1 శాతం అంత పేచీ పెట్టింది, ఇక్కడ 1.2 శాతం ఉన్నా ఫిట్ పట్టించుకోదు. బ్యాక్‌గ్రౌండ్ డేటాలోంచే వస్తోంది కాబట్టి తక్కెడ తప్పు సిగ్నల్ వైపు ఒక్కటే పడుతుంది.

పోల్చుకోవడానికి ప్రచురితమైన హద్దులు చెబుతాను. 2016 డేటా 35.9 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్‌తో, జత ద్రవ్యరాశి ఆకారాన్ని కూడా వాడుకుని సీఎంఎస్ ఈ ఒక్క దారిలో పెట్టినది 0.33, ముందుగా ఆశించినది 0.25. తర్వాత అన్ని దారులూ, అన్ని సంవత్సరాలూ కలిపి 2023లో సీఎంఎస్‌ది 0.15, సెర్న్‌లోని మరో ప్రయోగం అట్లాస్‌ది 0.107. సిద్ధాంతం చెప్పే 0.001కి అక్కడి నుంచి ఇంకా వంద రెట్లు.

మా దగ్గర మిగిలిన పని ఎలక్ట్రాన్ జతలది. అవి కలిస్తే అరవై వంద దాకా పెరిగి 13 శాతం 10కి దిగాలి. కానీ వాటికి మెట్ ట్రిగ్గర్ పనికిరాదు, ఎలక్ట్రాన్ ట్రిగ్గర్‌తో తీసిన వేరే డేటాసెట్ కావాలి, దానికి వేరే ట్రిగ్గర్ సామర్థ్యం కొలవాలి. ఆ డౌన్‌లోడ్ రాత్రిపూట, లైను ఖాళీగా ఉన్నప్పుడు, ఇంకా నడుస్తోంది.